ఎడమవైపు పళ్ళు

శ్రీకంఠం పళ్ళు తోముకోవడం మానేశాడని పాఠశాలలో ఇంకా ఎవరికీ తెలియదు.

పొద్దున్నే అందరితోపాటే లేస్తున్నాడు. అందరితోపాటే నూతి దగ్గరికి వస్తున్నాడు. మిగతావాళ్ళు వేపపుల్లలు నములుతుంటే, తను బ్రష్షు చేత్తో పట్టుకుని గోడవైపు తిరిగి, నీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తున్నాడు. పన్నెండు పుక్కిళ్ళు. ఆ తరవాత బ్రష్షు తడవకుండానే గూట్లోకి వెళ్ళిపోతోంది.

పన్నెండనే లెక్క వాడు పుట్టించింది కాదు. అమావాస్యనాడూ ఏకాదశినాడూ పుల్లతో పళ్ళు తోమకూడదని, పన్నెండుసార్లు పుక్కిలిస్తే చాలని గురువుగారే చెప్పారు. శ్రీకంఠం ఆ మాట పట్టుకున్నాడు. ఒకనాటికి చాలిన శుద్ధి రోజూ ఎందుకు చాలదని తనలో తనే వాదించుకుని, తనే గెలిచి, ప్రతిరోజునీ అమావాస్య చేసుకున్నాడు.

అసలు సంగతి భయం.

గుండ్లకమ్మ ఒడ్డున నరహరి అవధానిగారి వేదపాఠశాల చిన్నదే. విద్యార్థులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో శ్రీకంఠం జ్ఞాపకానికి సాటిలేదు. ఇంకొకడికి పది వల్లెలు పట్టే పాఠం వాడికి మూడింట్లో వచ్చేస్తుంది. ఆ సంగతి వాడికీ తెలుసు. ఎదుటివాడికి తెలిసేదాకా వాడు ఊరుకోడు.

వాడికున్న లోపమల్లా పై వరసలో ముందుపన్ను. అది పక్కపన్ను వెనక్కి జరిగి నక్కి కూర్చుంది. 'స' పలికినప్పుడల్లా దాని సందులోంచి సన్నగా ఈల వచ్చేది. అవధానిగారు ఏడాదిపాటు ఓపిక పట్టారు. చివరికి ఒకరోజు పాఠం ఆపి, "నీ జ్ఞాపకం బంగారంరా. నీ పన్ను మాత్రం కోడెదూడని పిలుస్తోంది," అన్నారు. మర్నాడే బస్సెక్కించి ఒంగోలు తీసుకువెళ్ళారు.

పళ్ళ డాక్టరు సలోమిగారు వాడి పళ్ళకి ఒక్కొక్కదానికీ ఒక లోహపు ముక్క అంటించి, వాటిమీదుగా తీగ బిగించారు. తరవాత మట్టిపళ్ళ బొమ్మనొకదాన్ని బల్లమీద పెట్టి, మామూలు బ్రష్షు తీసుకున్నారు.

"ఖరీదైన బ్రష్షులేవీ అక్కర్లేదు బాబూ. ఇది చాలు. తీరిక మాత్రం కావాలి. తీగకి పైన బ్రష్షుని కిందికి వాల్చి, తీగకి కింద పైకి వాల్చి, చిగురు అంచున మెల్లగా. ఒక్కో పన్నూ విడివిడిగా. తీగ వెనక ఈ చిన్న కుచ్చుబ్రష్షు. మొదట్లో చిగుళ్ళనుంచి రక్తం రావచ్చు. భయపడి ఆపకండి. ఆపితే..."

రక్తం అన్న మాట దగ్గరే శ్రీకంఠం చెవులు మూసుకుపోయాయి. ఆ తరవాత ఆవిడ చెప్పిందేదీ వాడికి వినిపించలేదు.

అవధానిగారు మాత్రం స్టూలు ముందుకు జరుపుకుని కొత్త విద్యార్థిలా కూర్చుని విన్నారు. "అమ్మా, తీగ కింద ఎలా తిప్పారో ఇంకొక్కసారి చూపించండి," అని అడిగారు. ఇంత చిన్న పనికి గురువుగారు మళ్ళీ అడగడమేమిటని శ్రీకంఠానికి సిగ్గేసింది.

పాఠశాలకి తిరిగొచ్చాక సహాధ్యాయి అరుణాచలం వాడి నోట్లోకి తొంగిచూశాడు.

"ఒరే, నీ నోట్లో రైలుపట్టాలేశారేంట్రా! ఏ స్టేషన్లో ఆగుతుంది?"

"నీ బుర్రలో ఆగదులే. అక్కడ ఊరే లేదు," అన్నాడు శ్రీకంఠం. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, పెదాలు విప్పకుండా.

అంతవరకూ బాగానే ఉంది.

ఒంట్లోంచి నెత్తురు కారుతుండగా వేదం చెప్పకూడదు. ఇది పాఠశాలలో అందరికీ తెలిసిన నియమం. వానాకాలంలో అరుణాచలం కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే, సంథ పాఠం మధ్యలోనే అవధానిగారు వాణ్ణి లేపి పంపేశారు. "కట్టు కట్టుకో. తగ్గాక తలారా స్నానం చేసిరా," అన్నారు. అందులో కోపమూ లేదు, మినహాయింపూ లేదు.

తీగలు వేయించుకున్న కొన్నాళ్ళకి ఒక పొద్దున శ్రీకంఠం ఉమ్మిన నీళ్ళు ఎర్రగా పడ్డాయి. మాఘంలో వేదసభ ఉంది. ఆ సభలో క్రమం పరీక్ష. మొదటి పదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో, అలా గొలుసులా కలుపుతూ ఎక్కడ అడిగితే అక్కణ్ణుంచి చెప్పాలి. అది దాటితేనే జట, ఆ పైన ఘన. దాటకపోతే మళ్ళీ ఏడాదిదాకా అక్కడే కూర్చోవాలి. తన వెనక కూర్చునేవాళ్ళు తన ముందుకి వెళ్ళిపోతారు.

శ్రీకంఠం ఎర్రటి నీళ్ళమీద చెంబెడు నీళ్ళు కుమ్మరించాడు. ఇంకా నాలికకి తగులుతున్న ఉప్పదనాన్ని మింగేశాడు. వెళ్ళి పాఠంలో కూర్చుని, గొంతెత్తి వల్లె చెప్పాడు.

ఆరోజు తప్పొక్కటీ పోలేదు. తప్పు పోకపోవడమే వాణ్ణి ఎక్కువ భయపెట్టింది.

తోమితేనే కదా నెత్తురు, తోమకపోతే రాదు. అంత సులువైన లెక్క తనకి ముందే ఎందుకు తట్టలేదా అనిపించింది. బ్రష్షుకి సెలవిచ్చాడు. నిజంగానే రెండుమూడు రోజులు నీళ్ళు తెల్లగా పడ్డాయి. శ్రీకంఠానికి ప్రాణం లేచొచ్చింది.

తరవాత చిగుళ్ళు ఉబ్బాయి. కందిపచ్చడిలో కరివేపాకు ఈనె, చారులో ఆవగింజ, నువ్వులపొడిలో పలుకు, ఏది తిన్నా తీగ కింద ఇల్లు కట్టుకుంటోంది. నాలికతో తోస్తే కదలదు. వేలు పెడితే నెత్తురు. కొన్నాళ్ళకి వేలు పెట్టనక్కర్లేకుండా పోయింది. మెతుకు నమిలినా నెత్తురే. వాడు నమలడం మానేసి మజ్జిగన్నం మింగడం మొదలుపెట్టాడు. ఉత్తరీయం అంచు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. రాత్రి నిద్రలో చొంగ కారితే, లేచి తలగడ తెల్లగానే ఉందా అని చూసుకుంటున్నాడు.

సభ పక్షంలోకి వచ్చింది.

ఆ వారమే ఒక ఉదయం అవధానిగారు పాఠంలో అందరినీ ఆపి, "శ్రీకంఠం ఒక్కడూ చెప్తాడు, వినండి," అన్నారు. సభకి ముందు అలా అడగడం ఆయన అలవాటు.

శ్రీకంఠం అందుకున్నాడు. గొలుసు జారకుండా సాగుతోంది. సగంలో నాలిక ఎడమ దవడకి తగిలింది. ఉప్పగా ఉంది.

ఆగిపోయాడు.

పాఠశాలలో ఎవరైనా ఆగితే అర్థం ఒక్కటే. అరుణాచలం తలెత్తి చూశాడు. శ్రీకంఠం ఆగడం వాడెప్పుడూ వినలేదు.

"ఏం?" అన్నారు అవధానిగారు.

శ్రీకంఠం నోరు విప్పలేదు. విప్పితే కనిపిస్తుందేమోనని.

"మరిచిపోయావా?"

అవునన్నట్టు తల ఊపాడు.

అవధానిగారు వాడి ముఖాన్నీ, నోటికడ్డంగా వచ్చిన ఉత్తరీయాన్నీ కాసేపు చూశారు. "సరే. అరుణాచలం, అక్కణ్ణుంచి నువ్వు చెప్పు."

అరుణాచలం చెప్పాడు. మెల్లగా, తడుముకుంటూ, చివరిదాకా చెప్పాడు.

మర్నాడు తెల్లవారుతుండగా శ్రీకంఠం నూతి దగ్గర గోడవైపు తిరిగి పుక్కిలిస్తున్నాడు. ఉమ్మితే ఎరుపు. మళ్ళీ పోసుకుంటే మళ్ళీ ఎరుపు. చెంబు ఖాళీ అయింది. నీళ్ళకోసం వెనక్కి తిరిగితే గురువుగారు నిలబడి ఉన్నారు.

ఆయన స్నానం ముగించి, తడి మడిపంచె కట్టుకుని, దేవతార్చనకి వెళుతున్నారు. ఆ వేళప్పుడు ఎవరూ ఆయనకి ఎదురుపడరు. బట్ట అంచు కూడా తగలనివ్వరు.

"ఎన్నాళ్ళబట్టి?" అన్నారాయన.

శ్రీకంఠం చెప్పేశాడు. పుక్కిళ్ళ సంగతి, అమావాస్యల సంగతి. చివరికి, మింగి పాఠం చెప్పిన సంగతి కూడా. చెబుతుంటే నోటి మూలనుంచి ఎర్రటి చార గడ్డంమీదికి జారింది.

"పుల్ల వద్దన్నాను. శుభ్రం వద్దన్నానా?"

శ్రీకంఠం తల దించుకున్నాడు.

"బ్రష్షు తీసుకురా. ఆ కుచ్చుబ్రష్షు కూడా."

తెచ్చాడు. అవధానిగారు చెయ్యి చాపారు.

"గురువుగారూ, ఎంగిలండీ!" శ్రీకంఠం రెండడుగులు వెనక్కి వేశాడు. "మీరు మడి కట్టుకున్నారు. పూజకి..."

"కూర్చో."

కూర్చున్నాడు. ఆయన వాడి ఎదుట గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో గడ్డం పట్టుకున్నారు.

"నోరు తెరువు."

వేపపుల్లలు నములుతున్నవాళ్ళ దవడలు ఆగిపోయాయి. ఇంకొకరు తాగిన చెంబు కూడా ముట్టని మనిషి. ఆయన వేలు శ్రీకంఠం పెదవిని పైకెత్తి పట్టుకుంది.

కుడివైపు చివరి పన్ను దగ్గర మొదలుపెట్టారు. తీగకి పైన బ్రష్షు కిందికి వాల్చారు. తీగకి కింద పైకి వాల్చారు. చిగురు అంచున గుండ్రంగా, కునుకుతున్న పసివాణ్ణి జోకొట్టినంత మెల్లగా తిప్పారు. పక్కపన్నుకి జరిగారు. మళ్ళీ వెనక్కి వచ్చి రెండింటి మధ్యా కుచ్చుబ్రష్షు దూర్చారు. ఎన్నాళ్ళనాటిదో కరివేపాకు ఈనె ఒకటి బయటికి వచ్చింది. దాన్ని గట్టుమీద పెట్టి మూడోదానికి వెళ్ళారు. తొందర లేదు. ఏ పన్నునీ దాటెయ్యలేదు.

నెత్తురు ఆయన వేళ్ళమీదుగా మణికట్టుకి జారి, మడిపంచెమీద చుక్కలుగా పడింది. ఆయన చూడనైనా లేదు.

నడిమి పళ్ళదాకా వచ్చి బ్రష్షు వాడి చేతికిచ్చారు.

"కుడివైపు నేను చేశాను. ఎడమవైపు నువ్వు చెయ్యి."

అందరూ చూస్తున్నారు. గురువుగారు తడిబట్టతో చలిలో కూర్చున్నారు, ఆయన పూజకి ఆలస్యమవుతోంది. శ్రీకంఠం గబగబా అటూఇటూ నాలుగు లాగులు లాగి, పుక్కిలించి ఉమ్మేశాడు.

అవధానిగారు లేచి నూతి దగ్గరికి వెళ్ళి, బాల్చీ తోడుకుని, మాఘమాసపు చన్నీళ్ళు మళ్ళీ నెత్తిన పోసుకున్నారు. పంచె మార్చుకుని లోపలికి వెళుతూ అన్నారు, "ఇవాళ నీకు పాఠం లేదు."

"రేపండీ?"

"రక్తం వస్తే రేపూ లేదు."

శ్రీకంఠం అరుగుమీద కూర్చున్నాడు. లోపల అందరూ వల్లె వేస్తున్నారు. తనకి వచ్చినవే. మనసులోనైనా కలిపి చెప్పుకోవడానికి భయంవేసి చెవులు మూసుకున్నాడు. పరీక్షకి పదును పెట్టుకోవలసిన రోజుల్లో కత్తి ఒరలోనే తుప్పుపడుతున్నట్టుంది.

మర్నాడు కూడా అవధానిగారు వచ్చారు. ఆ మర్నాడు కూడా. పూజకి వెళ్ళే మడిబట్టతోనే, అదే గట్టుమీద, అదే మెల్లదనంతో కుడివైపు తోమడం, లేచి మళ్ళీ స్నానం చెయ్యడం. ముందు ఈ పని ముగించి స్నానానికి వెళ్ళొచ్చు కదా అని అరుణాచలం గొణిగాడు.

"నేను లేచేసరికి వీడు లేవడురా," అన్నారాయన. అంతకుమించి చెప్పలేదు. కానీ ఆయనకి దగ్గు పట్టుకుంది. సంథ చెబుతుంటే మధ్యలో గొంతు బొంగురుపోతోంది.

ఆ దగ్గు విన్నప్పుడల్లా శ్రీకంఠం ఎడమవైపు ఇంకా తొందరగా ముగించేవాడు. గురువుగారు త్వరగా లేచి స్నానం చేసి పొడిబట్ట కట్టుకోవాలని. తనవల్ల ఆయన ఒక్క ఘడియ కూడా ఎక్కువ చలిలో ఉండకూడదని.

సభకి రెండురోజులుందనగా పుక్కిలించి ఉమ్మేసి, ఆ నీళ్ళవంక చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు ఎరుపు తక్కువ. వేలు పెట్టి చూసుకున్నాడు. కుడివైపు నొక్కితే నొప్పిలేదు. వేలు తెల్లగానే వచ్చింది. ఎడమవైపు ముట్టుకోగానే ఎర్రబడింది.

నోరొకటే. తిన్న తిండి ఒకటే. నీళ్ళొకటే, బ్రష్షూ ఒకటే. మారిందల్లా చెయ్యి.

శ్రీకంఠం ఆ వేలిని కడుక్కోకుండా చాలాసేపు చూశాడు. ఆరోజు మళ్ళీ కూర్చుని ఎడమవైపు ఒక్కొక్క పన్నే తోమాడు. అయితే ఉబ్బిన చిగురు రెండురోజుల్లో తగ్గుతుందా?

సభనాడు పొద్దున అవధానిగారు నూతి దగ్గరికి రాలేదు. ఊళ్ళనుంచి పెద్దలు దిగారు, వాళ్ళకి నీళ్ళూ పీటలూ చూస్తున్నారు. పోతూపోతూ, "రెండువైపులా నువ్వే చేసుకో," అన్నారు.

శ్రీకంఠం చేసుకున్నాడు. కుడివైపు తెల్లని నురగ. ఎడమవైపు చివరికి ఒక్క ఎర్రటి పోగు, దారంలాంటిది, నీళ్ళలో కాసేపు ఆడి కరిగిపోయింది. మళ్ళీ పుక్కిలించాడు. తెలుపు. ఆగిపోయిందనుకున్నాడు. స్నానం చేసి, కొత్తపంచె కట్టుకుని వెళ్ళి కూర్చున్నాడు.

పరీక్షించడానికి వచ్చినవారు కేశవ ఘనపాఠిగారు. పెద్దవారు, మాట మెత్తన. వాడి పేరు వినగానే ముఖం వికసించింది. "నీ గురించి విన్నాన్నాయనా. చెప్పు చూద్దాం," అని ఒక పదం అందించారు.

శ్రీకంఠానికి ఆ పదం వెనక వచ్చేదంతా ఒక్కసారిగా కళ్ళముందు పరుచుకుంది. ఎక్కడా చీకటి లేదు. నోరు తెరిచాడు. నాలిక ఎడమవైపు తగిలింది.

ఉప్పగా ఉందా? లేక అది భయమేనా?

గురువుగారివైపు చూశాడు. ఆయన దగ్గు ఆపుకుంటూ చాప అంచువైపు చూస్తున్నారు. తలెత్తలేదు.

శ్రీకంఠం అరచెయ్యి నోటికి పెట్టి తీసి చూసుకున్నాడు. చిన్న చుక్క, ఆవగింజంత.

"రక్తం వస్తోందండీ," అన్నాడు. "చెప్పకూడదు."

సభలో గుసగుస లేచింది. ఘనపాఠిగారు ముందుకు వంగి చూశారు. "ఓస్, ఇంతేనా! పళ్ళకి తీగలున్నాయి కదా, గీసుకుని ఉంటుంది. పుక్కిలించి రా నాయనా. ఇంత చదువుకున్నవాడివి, దీనికోసం ఏడాది పోగొట్టుకుంటావా? ఎవరూ చూడలేదనుకుందాం."

పక్కనున్న పెద్దాయన కూడా తలాడించాడు. చెంబు ఎవరో ముందుకి జరిపారు.

శ్రీకంఠం చెంబుని చూశాడు. చేతులు జోడించాడు.

"ఇదివరకు ఒకసారి మింగేసి చెప్పానండీ. మళ్ళీ చెప్పలేను."

లేచి బయటికి వచ్చేశాడు. వెనక ఘనపాఠిగారు నిట్టూర్చడం, ఆ తరవాత అరుణాచలం పేరు పిలవడం వినిపించాయి.

నూతి దగ్గరికి వచ్చి గట్టుమీద కూలబడ్డాడు. కాసేపటికి చెప్పుల చప్పుడైంది. అవధానిగారు సభ మధ్యలో లేచివచ్చారు. కప్పుకున్న శాలువా తీసి గోడమీద వేసి, వాడి పక్కనే కూర్చున్నారు.

"ఏ వైపు?" అన్నారు.

"ఎడమవైపండీ."

"ఊఁ."

"ఏడాది పోయిందండీ గురువుగారూ," అన్నాడు శ్రీకంఠం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడాది."

అవధానిగారు దగ్గి, గొంతు సవరించుకున్నారు.

"పోయిన ఏడు మళ్ళీ వస్తుంది. ఈ వయసులో పోయిన పన్ను రాదు. బ్రష్షు తీసుకో."

లోపల అరుణాచలం మొదలుపెట్టాడు. మెల్లగా, ఒక పదం, దాని పక్క పదం, మళ్ళీ ఆ పదం.

శ్రీకంఠం ఎడమవైపు చివరి పన్ను దగ్గర బ్రష్షు పెట్టాడు. తీగకి పైన కిందికి వాల్చాడు. గురువుగారు పొడిబట్టతో, ఎక్కడికీ వెళ్ళే పనిలేనివారిలా కూర్చుని ఉన్నారు. అరుణాచలం యాభై పదాల ఆ పనస ముగించి ఇంకో పనస అందుకున్నా, శ్రీకంఠం ఇంకా రెండో పన్ను దగ్గరే ఉన్నాడు.